థ్రెల్ ఊపిరి

"శనివారం థ్రెల్ చచ్చిపోవాలి ఐలీన్ గారూ. దాని ఊపిరి ఆగిపోవడం అందరికీ వినపడాలి," అన్నాడు గోర్డన్ తలుపు దగ్గరే నిలబడి.

ఐలీన్ తల తిప్పలేదు. ఆమె ముందున్న రికార్డింగ్ యంత్రం మీద ఒక టేపు ముక్క తిరుగుతోంది. రెండు కొసలూ కలిపి అతికించి, ఖాళీ పాలసీసా చుట్టూ వేసిన ముక్క. అది తిరుగుతున్నంతసేపూ ఊపిరి వస్తూనే ఉంటుంది. తడిగా, బరువుగా లోపలికి వెళుతుంది. మధ్యలో ఆగుతుంది. ఇక రాదేమో అని గుండె జారేసరికి మళ్ళీ మొదలవుతుంది.

లండన్‌లోని ఆ టీవీ స్టూడియోలో 'ఆవలి గ్రహాలు' సీరియల్ శబ్దాలన్నీ ఆ ఇరుకు గదిలోనే పుట్టేవి. బిస్కెట్ డబ్బా మూత రాకెట్ తలుపయ్యేది, ఇంట్లో దుమ్ము పీల్చే యంత్రం రాకెట్టే అయ్యేది. వాటికి పిల్లలు నవ్వేవారు. థ్రెల్ వచ్చాక నవ్వులు మాయమయ్యాయి. మంచు గ్రహం నుంచి అంతరిక్ష ఓడలోకి దూరిన ఆ జీవి సరిగా కనపడదు కూడా. చీకటి నడవాలో ఊపిరి వినపడుతుంది, అంతే. శనివారం సాయంత్రం టీ వేళకు దేశంలో సగం మంది పిల్లలు సోఫాల వెనక దాక్కునేవారు.

"దాన్ని చంపడం దేనికి?" అంది ఐలీన్. "ఓడలోంచి తోసెయ్యండి. చీకట్లో ఎక్కడో ఊపిరి వినపడుతూ ఉంటుంది. వచ్చే ఏడాదీ పనికొస్తుంది."

"పోయిన వారమూ ఇదే మాట. అంతకుముందు కాల్చేద్దామంటే మంచులో గడ్డకట్టించమన్నారు. ఆ రబ్బరు తొడుగు మీద ఇంత ప్రేమేమిటండీ? లోపలున్న మనిషికే లేదు. ఎప్పుడు విప్పి పారేద్దామా అని చూస్తున్నాడు."

ఆమె నవ్వలేదు. ఆమె నవ్వడం గోర్డన్ ఎన్నడూ చూడలేదు. అతను నిర్మాతగా ఈ సీరియల్‌కి వచ్చింది వసంతంలో. అప్పటికే ఆ గది ముందు అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఆమె మహా కోపిష్టి కాబోలు అనుకున్నాడు. అంతకుముందు చలికాలంలో ఆమె సెలవు పెట్టి, యంత్రాన్ని కూడా ఇంటికి మోసుకెళ్ళి, ఆ ఊపిరితో తిరిగి వచ్చిందని మాత్రం విన్నాడు. సెలవులోనూ పనేనా అని మనసులో మెచ్చుకున్నాడు.

ఇప్పుడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"తల్లుల ఫిర్యాదులు సరే, అవి ఎప్పుడూ ఉండేవే. మా ఇంట్లోనే తంటా వచ్చింది. మా అమ్మాయి ఫిలిప్పా నిద్రపోవడం మానేసింది. కళ్ళు మూతపడగానే లేచి కూర్చుంటుంది. అది ఇంకా ఊపిరి తీస్తోందా నాన్నా అంటుంది."

"మీరేం చెప్తున్నారు?"

"లేదమ్మా, ఆగిపోయింది, పడుకో అంటాను."

"నమ్ముతుందా?"

"ఎలా నమ్ముతుంది? శనివారం రాగానే మళ్ళీ వినపడుతుందిగా. మీకు పిల్లలున్నారా?"

"లేరు."

"అందుకే మీకు అర్థం కావడం లేదు. అది ఆగినప్పుడల్లా పిల్ల తన ఊపిరి కూడా బిగబట్టుకుంటుంది. మళ్ళీ వచ్చేదాకా వదలదు. చూడలేకపోతున్నానండీ."

ఐలీన్ చెయ్యి బల్ల అంచును పట్టుకుంది.

"ఆగిపోవడం తన చెవులతో వింటే పడుకుంటుందా?"

"పడుకుంటుంది. ఎవరైనా అంతే. ఆగిందని తెలియకపోతేనే కదా ఎదురుచూపులు. మీరు చెయ్యనంటే పై అంతస్తులో ఎవరిచేతనైనా చేయిస్తాను. శబ్దం తగ్గించుకుంటూ పోయి ఆపేస్తారు."

"వద్దు," అంది ఐలీన్ గబుక్కున. "ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యొద్దు. ఆ ఊపిరి చివర ఉంది నా దగ్గర."

"ఉందా? మరి ఇన్నాళ్ళూ?"

"వినలేదు నేను. ఈ ముక్క కోసుకుని మిగతాది దాచేశాను."

ఆమె అరలోంచి పెద్ద టేపు చుట్ట తీసింది. యంత్రానికి ఎక్కించేటప్పుడు టేపు జారింది. గోర్డన్ సాయం రాబోతే మోచేత్తో ఆపింది. పాలసీసా చుట్టూ తిరుగుతున్న ముక్కను ఆపి, చుట్టను నడిపించింది.

అదే ఊపిరి. మధ్యలో అదే ఆగడం. కాసేపటికి ఆ ఆగడం సాగింది. తర్వాతి ఊపిరి చిన్నది. ఆ తర్వాతది ఇంకా చిన్నది. గోర్డన్ తనకు తెలియకుండానే తన ఊపిరి బిగబట్టాడు. మరొకటి వచ్చింది, చాలా మెల్లగా. టేపు తిరుగుతూనే ఉంది. ఇంకేమీ రాలేదు. దూరంగా ఎక్కడో ఒక బస్సు వెళ్ళిన చప్పుడు మాత్రం టేపులో వినపడింది.

ఐలీన్ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. తర్వాత మీట నొక్కింది.

గోర్డన్ స్టూలు మీంచి లేచాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంతటి శబ్దం వినలేదు. భయమూ వేసింది, ఆనందమూ కలిగింది.

"అద్భుతం ఐలీన్ గారూ. ఇక థ్రెల్ లేదంటే మా పిల్ల నమ్ముతుంది. తోలు తిత్తితో చేశారా? తడిగుడ్డ అడ్డం పెట్టారా? చెప్పండి, అసలేం చేశారు?"

ఆమె అతని వైపు తిరిగింది.

"నేనేం చెయ్యలేదు, మా పిల్లాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను."