తాడు అవతలి కొస

ప్రతి ఐతారం ఆరాధన అయినంక నేను, పేతురు మెదక్ అవతలి పాడుపడ్డ గనికి పోయేటోళ్లం. గదే మా షోకు. నడుముకు తాడు కట్టుకొని నేను లోపలికి దిగేటోణ్ణి. కొస పట్టుకొని పేతురు బయట కూసునేటోడు. చీకట్ల భయమైతే తాడు గుంజేటోణ్ణి. ఆడికెళ్లి వాడు తిరిగి గుంజేటోడు. పానం నిమ్మలమయ్యేది.

మొన్న లోపల కందిలి ఆరిపోయింది. గుంజిన. తిరిగి గుంజిండు. ఆ ధైర్యంతోనే పాక్కుంట బయటికొచ్చిన.

తాడు కొస చింతకొమ్మకు కట్టి ఉన్నది. పేతురు లేడు. జరసేపటికి చాయ్ తాగి వచ్చిండు.

"ఇయ్యాల ఒక్కపారే కట్టిన, దేవుని తోడు" అన్నడు.

కొమ్మను తడిమి చూసిన. తాడు ఒరుసుకొని బెరడు ఎన్నడో పోయింది, నున్నటి గాడి పడ్డది.

తాడు పట్టి మెల్లగ గుంజిన. కొమ్మ వంగి తిరిగి గుంజింది, అచ్చం పేతురు లెక్కనే.