తలుపు వెనక ఆసనాలు

"శ్వాస మెల్లగా తీసుకోండి... ఇప్పుడు కుడికాలు వెనక్కి..."

మూసిన తలుపు వెనక నుంచి వీడియోలో టీచరమ్మ గొంతు మెత్తగా వినిపిస్తోంది. పిల్లది లెక్కల పుస్తకం పట్టుకుని గదివైపు నడిచింది.

"ఆ తలుపు జోలికెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతాను," అంది నాయనమ్మ, తలుపుకి అడ్డంగా వేసుకున్న కుర్చీలోంచి కదలకుండా. "మీ అమ్మ యోగా చేసుకుంటోంది."

"ఈ లెక్క రావట్లేదు నాయనమ్మా."

"రాకపోతే తప్పు చెయ్యి. రేపు మీ టీచరే దిద్దుతుంది."

లోపల కోడలు కుడికాలూ వెనక్కి పెట్టలేదు, ఎడమకాలూ పెట్టలేదు. చాప మీద పక్కకి తిరిగి, మోచెయ్యి తలకింద పెట్టుకుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది.

మొదట్లో నిజంగానే చేద్దామనుకుంది పాపం. లాండ్రీలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి ఇస్త్రీ చేసే మనిషి. నడుము పట్టేస్తోందంటే డాక్టరు మాత్రలు రాసి, యోగా కూడా చెయ్యమన్నాడు. క్లాసులకి వెళ్ళే తీరికా ఓపికా ఎక్కడివి? ఫోన్లో కొత్తవాళ్ళ కోసం పెట్టిన వీడియో ఒకటి వెతుక్కుంది. టీచరమ్మ కుడి అంటే ఈవిడకి ఎడమ వచ్చేది. పాదాలు పట్టుకోమంటే చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయేవి. చివర్లో మాత్రం, "వెల్లకిలా పడుకోండి, కళ్ళు మూసుకోండి, ఒళ్ళంతా వదిలెయ్యండి," అంది టీచరమ్మ. పెళ్ళయ్యాక ఈవిడతో అలాంటి మాట అన్నవాళ్ళు లేరు. అంతే, వదిలేసింది. మర్నాటి నుంచి ఆ ఆఖరి ఆసనంతోనే మొదలుపెట్టి, దాంతోనే ముగిస్తోంది.

నిద్రపోతానని చెప్పి నిద్రపోవడం ఆ ఇంట్లో కుదరదు. పడుకున్న ఆడమనిషిని అందరూ లేపుతారు, కత్తెర ఎక్కడుందనో, తువ్వాలు ఎక్కడుందనో. యోగా చేసుకునే మనిషిని మాత్రం ఎవరూ పిలవరు. ఆ రహస్యం ఈవిడకి అనుకోకుండా దొరికింది. వంటకి ముందు తీసే ఆ కాస్త కునుకే ఆవిడని మర్నాడు మళ్ళీ ఇస్త్రీపెట్టె ముందు నిలబెడుతోంది. అది కూడా పోతే ఇక తన పని అయిపోయినట్టేనని ఆవిడకి తెలుసు.

భయమంతా అత్తగారితోనే. కాపలా పోలీసులాగా రోజూ అదే కుర్చీ, అదే తలుపు! మొన్న తన గురకకి తనే ఉలిక్కిపడి లేస్తే, బయట అత్తగారు పనిగట్టుకుని పెద్దగా దగ్గుతోంది. నిన్న బయటికి రాగానే ఎగాదిగా చూసి, "చెంప మీద చాప గీతలు పడ్డాయి, మొహం కడుక్కో," అంది. కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కుళాయి దగ్గరికి పోయింది.

ఇవాళ భోజనాలకి కూర్చోబోతుంటే మొగుడు పట్టుకున్నాడు. ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్కు. దేన్నైనా విప్పి చూస్తేగాని నమ్మడు.

"ఇన్నాళ్ళ నుంచి నేర్చుకుంటున్నావు కదా, ఏదీ, ఒక్క ఆసనం వేసి చూపించు."

"తిన్నాక వెయ్యకూడదు."

"ఇంకా తినలేదుగా!"

తప్పలేదు. వీడియో మొదట్లో కనిపించే బొమ్మని గుర్తుచేసుకుని, ఒంటికాలి మీద నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. అటు ఊగింది, ఇటు ఊగింది, ఫ్రిజ్ పట్టుకుని నిలదొక్కుకుంది. పిల్లది పకపకా నవ్వింది. మొగుడు నవ్వలేదు.

"తలుపేసుకుని లోపల ఏం చేస్తున్నావసలు? మా అమ్మని చూసి నేర్చుకో. నా చిన్నప్పుడు రోజూ మధ్యాహ్నం సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని సర్దేది. డబ్బాల చప్పుడు మాకు వినిపిస్తూనే ఉండేది. పగటిపూట నడుం వాల్చగా ఒక్కనాడు చూడలేదు. అంత సర్దినా ఆ గదిలో ఒక్క వస్తువూ దొరికి చచ్చేది కాదు, అది వేరే సంగతనుకో."

అత్తగారు తలెత్తకుండా కంచంలోకే చూస్తోంది.

"రేపు నువ్వు లోపలే కూర్చుని చూడమ్మా," అన్నాడు కొడుకు. "ఉత్తుత్తి యోగా అయితే మాన్పించేద్దాం. ఆ టైములో పిల్లదానికి లెక్కలైనా చెబుతుంది."

"సరేలే, నేను చూస్తాగా," అంది అత్తగారు.

మర్నాడు లాండ్రీలో కోడలు ఒకే చొక్కాని రెండుసార్లు ఇస్త్రీ చేసింది. ఇంటికొచ్చి, గదిలో చాప పరిచింది. అత్తగారు చంకలో దిండు పెట్టుకుని వెనకే వచ్చింది. లోపల గడియ పెట్టింది.

"శ్వాస మెల్లగా తీసుకోండి..." అంది టీచరమ్మ.

కోడలు తీసుకుంది. పాదాలు అందుకుందామని వంగింది. నడుము కలుక్కుమంది. అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"నావల్ల కాదత్తయ్యా. ఎందుకు దాచడం, నేను రోజూ నిద్రే పోతున్నాను. ఒక్క ఆసనం కూడా రాదు నాకు. మీ అబ్బాయితో చెప్పుకుంటే చెప్పుకోండి. అలిసిపోయాను."

అత్తగారు స్టూలు మీదున్న ఫోనులో సౌండు ఇంకాస్త పెంచింది. చంకలోని దిండు తీసి చాప మీద వేసి, గుంట పడేలా మధ్యలో తట్టింది.

"పడుకో. గురక పెడితే ఎప్పట్లాగే దగ్గుతాలే."

కోడలు కళ్ళు కూడా తుడుచుకోకుండా ఆవిడనే చూస్తూ ఉండిపోయింది.

"మా రోజుల్లో వీడియోలు ఎక్కడివే, పడుకున్నచోటి నుంచే కాలితో డబ్బాలు తన్నేదాన్ని."