కిటికీ పక్కన కుర్చీ

పెద్దాయన మళ్ళీ కుర్చీ తెచ్చి ఆమె వ్యాన్ కిటికీ పక్కనే వేసుకున్నాడు.

ఇది నాలుగో మైదానం. నాలుగింటిలోనూ ఇదే వరస.

బండ్లు నిలుపుకునే మైదానాలు ఊరికొకటి ఉన్నాయి. దేశమంతా ఖాళీగానే ఉంది. అయినా ఆమె ఎక్కడ ఆగినా, మర్నాటికో మూడోనాటికో ఆయన పాత నీలం వ్యాన్ తాపీగా దొర్లుకుంటూ వచ్చి పక్కన చేరుతుంది. ఒంటి మనిషి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. తెల్లారగానే మడత కుర్చీ విప్పుకుని, కాళ్ళు చాపుకుని, అటెటో చూస్తూ కూర్చుంటాడు.

రచయిత్రికి ఒళ్ళు మండిపోతోంది.

అసలే కాలుగాలిన పిల్లిలా ఉంది ఆమె పరిస్థితి. నెలాఖరుకి నవల ఇవ్వకపోతే ఇక ఇవ్వనక్కర్లేదని ప్రచురణకర్త తేల్చి చెప్పేశాడు. మూడేళ్ళ రాత అది. దానికోసమే ఉద్యోగం మానేసి, ఇల్లు ఖాళీ చేసి, సామానంతా వదిన నెత్తిన పడేసి ఈ వ్యాన్‌లోకి మారింది. కథ ఆగినప్పుడల్లా వ్యాన్ కదిలిస్తుంది. చోటు మారితే వాక్యం కూడా కదులుతుందని ఆశ. నీ కాళ్ళలో చక్రాలున్నాయనుకున్నా, ఇప్పుడు ఇంటికీ పెట్టించావా అని వదిన ఫోన్‌లో ఆటపట్టిస్తూనే ఉంది.

ఇంకొక్క అధ్యాయం మిగిలింది. పోట్లాడి వెళ్ళిపోయిన అక్క ఇరవయ్యేళ్ళ తర్వాత తిరిగొచ్చి తలుపు కొడుతుంది. చెల్లెలు తీస్తుందా, తీయదా? పదిహేను రోజులుగా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయింది నవల.

రాసింది పైకి చదువుకుంటే గాని ఆమెకు తప్పొప్పులు తెలియవు. రోజూ పొద్దున్నే కొన్ని పేజీలు గొంతెత్తి చదివి, ఆ ఊపులో కొత్తది రాయాలి. రేకు గోడకి అవతల పరాయి మనిషి కూర్చుంటే ఊపెక్కడినుంచి వస్తుంది? నవల కదలకపోవడానికి ఈ మనిషే కారణమని నమ్మకం కుదిరిపోయింది ఆమెకి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని వదిన అంది గానీ, ఆమె వినిపించుకోలేదు.

ఆ రోజు ఇక ఇక్కడ ఉండి లాభం లేదనుకుని సర్దడం మొదలుపెట్టింది. నవల ఉన్న అట్టపెట్టెను వ్యాన్ పైన పెట్టి, బయట వేసుకున్న బల్ల మడుస్తోంది. పెద్దాయన కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఒక మాట అడగనా?"

"అడగొద్దండి. నా వెనకాల రావొద్దు కూడా."

ఆయన మొహం చిన్నబోయింది. అలాగేనమ్మా అని వెనక్కి తిరిగాడు.

ఆమె బల్లను లోపలికి విసిరి, వ్యాన్ స్టార్ట్ చేసి రోడ్డెక్కింది. అద్దంలో చూస్తే ఆయన రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. ముఖం మీద చెప్పినా సిగ్గులేదే అనుకుని వేగం పెంచింది. కాసేపటికి నీలం వ్యాన్ హారన్ మోగిస్తూ వెంటపడింది. రెండు మలుపులు దాటేసరికి అదీ కనబడకుండా పోయింది. పీడ విరగడైంది అనుకుంది.

మధ్యాహ్నం ఒక చెట్టు కింద ఆగి రాయబోతే పెట్టె లేదు. పరుపు ఎత్తి చూసింది, అరలన్నీ కిందికి లాగింది. ఎక్కడ పెట్టిందో గుర్తొచ్చేసరికి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

రెండువందల కాగితాలు. చేత్తో రాసినవి. నకలు లేదు. అధ్యాయాలు ముందుకీ వెనక్కీ జరుపుతుంటుంది కాబట్టి పేజీలకి నంబర్లు వేసే అలవాటు కూడా లేదు.

రెండు రోజులు వచ్చిన దారంతా వెతికింది. కాలవలు చూసింది, ముళ్ళకంపలు కదిలించింది. ఒక్క కాగితమంటే ఒక్క కాగితం దొరకలేదు.

మూడో రోజు ఏడుపు మొహంతో అదే మైదానానికి తిరిగొచ్చింది. మైదానం చూసుకునే ఆవిడ ఆమెను చూస్తూనే గదిలోకి వెళ్ళి, తాడు కట్టిన కట్ట ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. నీలం వ్యాన్ పెద్దాయన రోడ్డు పొడుగునా ఏరుకొచ్చాడట. మట్టి తుడిచి, ఎండలో ఆరబెట్టాడట.

తాడు విప్పి తిరగేసింది. మొదటి పేజీ తర్వాత రెండోదే ఉంది. రెండోదాని తర్వాత మూడోది. మధ్యలో రెండు మూడు పోయాయి గానీ, ఉన్నవాటిలో ఒక్కటీ తారుమారు కాలేదు.

సంతోషం ఒక్క నిమిషమే. వెంటనే చిర్రెత్తుకొచ్చింది. ఇంత వరసగా పేర్చాడంటే ప్రతి అక్షరమూ చదివే ఉండాలి. ప్రచురణకర్తకే ఇంకా చూపించని నవల అది.

"ఎక్కడున్నాడు ఆయన? ఎవర్ని అడిగి నా నవల చదివాడో కనుక్కోవాలి."

"పొద్దున్నే వెళ్ళిపోయాడమ్మా. నన్ను చూస్తే ఆ అమ్మాయి లోపలికి కూడా రాదు, నేనుండకూడదు అన్నాడు. ఏ దారిన పోయాడో చెప్పలేదు."

ఆవిడ ఆగి, రచయిత్రి మొహంలోకి చూసింది.

"అయినా చదవడమేంటమ్మా, ఆయనకి అక్షరమ్ముక్క రాదు. ఒక్కో కాగితంలో మొదటి రెండు వాక్యాలు నేను చదువుతుంటే, ఇది ముందు, ఇది తర్వాత అని ఆయన చెప్పాడు. మీరు పైకి చదువుతుంటే విని విని మొత్తం నోటికొచ్చేసిందట."

రచయిత్రి రోడ్డు వైపు తిరిగి చూసింది.

"నాలుగు మైదానాలు మీ వెనక తిరిగింది కూడా అందుకేనట," అంది ఆవిడ. "ఆ చెల్లెలు తలుపు తీసిందా లేదా తెలుసుకుందామని."