మూడంతస్తుల ఇల్లు

"ఏమండీ, ఇక్కడ కూడా పెట్టారండీ!" అంటూ రేణు ఎండను కూడా మరిచి పరుగెత్తింది.

ఎర్ర బండ మీద మోకాలెత్తున రాళ్ళ కుప్ప. ఎవరో పొందిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చారు.

"తిరుమల నడకదారిలో పేరుస్తాం చూడండి, సొంతిల్లు కావాలని! అచ్చం అలాగే. ఎవరో మనవాళ్ళే మొదలుపెట్టుంటారు."

మనవాళ్ళు లేని చోటు అమెరికాలో ఎక్కడుంది గనక? రఘువీర్ కూడా నమ్మేశాడు.

తాముండే కాపెల్‌లో ఈ ఏడాది నాలుగు ఇళ్ళకు, కొంటామని ఆఫర్ పెట్టారు. నాలుగూ చేజారాయి. ఆ దిగులు మరిచిపోదామనే యూటాలో ఈ కాన్యన్ చూడ్డానికి వచ్చారు.

పన్నెండేళ్ళ కూతురు నిధి అప్పటికే ముందుకెళ్ళిపోయింది. పైన రాతి తోరణం ఉందట, చూసి అరగంటలో వచ్చేస్తానంది.

"రాళ్ళు పట్టుకురండి," అంది రేణు.

ఏరుదామంటే చుట్టూ బండ ఊడ్చినట్టుంది. ఇదంతా ఒకప్పుడు ఇసుక దిబ్బలేనట, గట్టిపడి రాయయిందని పొద్దున కారులో నిధి చదివి వినిపించింది. విడి రాళ్ళంటూ ఉన్నది అక్కడక్కడా కనిపిస్తున్న అలాంటి కుప్పల్లోనే.

రఘువీర్ కిందా పైనా తిరిగి ఐదు కుప్పలు ఖాళీ చేశాడు.

దారికి ఓ పక్కగా, పొట్టి చెట్టు నీడలో మూడంతస్తులు లేచాయి. కింద పూజగది, పైన హోమ్ ఆఫీస్. రెండు కార్ల గ్యారేజీ కూడాను.

"ఈశాన్యం అటే కదా?"

"ఉండు, ఫోన్‌లో చూస్తా."

దణ్ణం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక ముసలాయన. వెలిసిపోయిన టోపీ, మోకాళ్ళ దగ్గర మాసికలేసిన ప్యాంటు.

ఆయన వంగి, పై అంతస్తు రాళ్ళు తీసి, చొక్కా అంచు ఎత్తిపట్టుకుని అందులో వేసుకున్నాడు.

"అయ్యయ్యో! ఇల్లు కూల్చేస్తున్నాడండీ!"

రఘువీర్ ఇంగ్లీషులో నిలదీశాడు. "ఎక్స్‌క్యూజ్ మీ! మీరు రేంజరా?"

"కాదు."

"బ్యాడ్జ్ ఉందా?"

"లేదు."

"ఇది నేషనల్ పార్క్. ఇక్కడ మీకెంత హక్కుందో మాకూ అంతే ఉంది."

ఆ మాటకి ముసలాయన తలెత్తి చూశాడు.

"ఈ రాళ్ళు కదపకండి," అని మాత్రం చెప్పి పైకి నడిచాడు.

"ఒకళ్ళు బాగుపడితే ఓర్వలేరు!" అంది రేణు, కళ్ళు తుడుచుకుంటూ. ఐదో ఇల్లు కూడా పోయింది మరి.

రఘువీర్ ఊరుకునే రకమా? ఫోన్ ఎత్తిపట్టుకుని తిరిగితే సిగ్నల్ రెండు గీతలు దొరికింది. ఎవరో ముసలాయన ఫ్యామిలీస్‌ని ఇబ్బంది పెడుతున్నాడని రేంజర్ ఆఫీసుకి కంప్లైంట్ ఇచ్చాడు. టోపీ రంగుతో సహా చెప్పాడు.

తర్వాత పులిహోర డబ్బా తీశారు.

సగం తిన్నారో లేదో, కింద నుంచి ఒక తెల్లమ్మాయి బ్యాగుతో ఎక్కి వచ్చి, అటూ ఇటూ చూసి అడిగింది.

"దారి ఎటండీ? ఇక్కడ రాళ్ళ గుర్తులుండాలే?"

"గుర్తులా?"

"బండ మీద అడుగుజాడ పడదు కదా. ఆ కుప్పలే దారి. అవి లేకపోతే ఎటు చూసినా ఒక్కలాగే ఉంటుంది. కాస్త పక్కకి వెళ్తే అంచు, నాలుగొందల అడుగుల లోతు."

రేణు పులిహోర డబ్బా పక్కన పెట్టేసి లేచింది.

నిధి వెళ్ళి గంటన్నర అయింది. నీళ్ళ సీసాలన్నీ తండ్రి బ్యాగులోనే ఉన్నాయి.

"నిధీ!"

కొండలు తిరిగి పలికాయి. నిధి పలకలేదు.

రఘువీర్ పది అడుగులు పరుగెత్తి ఆగిపోయాడు. ఎటని పరుగెత్తడం? దారిని తన చేతులతోనే మోసుకొచ్చి ఇల్లు కట్టాడు.

"నా బిడ్డని నేనే పోగొట్టుకున్నాను," అని రేణు బండ మీద కూలబడింది.

ఇరవై నిమిషాలు గడిచాయి. వాళ్ళకి అది ఇరవై ఏళ్ళు.

"మామ్!"

నిధి! దిగి వస్తోంది. చేతిలో ఎవరిదో సొట్టలు పడ్డ నీళ్ళ సీసా. రేణు కూతుర్ని పట్టుకుని ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది.

"దారెలా తెలిసిందే?"

"ఫస్ట్ తెలీలేదు. రాక్స్ అన్నీ సేమ్ ఉన్నాయ్. ఎడ్జ్ దాకా వెళ్ళిపోయా. ఒక ఓల్డ్ అంకుల్ గట్టిగా అరిచి ఆపారు. వాటర్ ఇచ్చారు. రాక్స్ మళ్ళీ పెట్టుకుంటూ మీరు కనిపించేదాకా తీసుకొచ్చారు."

"ఆయనేరీ?"

"అదర్ సైడ్ నుంచి రేంజర్ వచ్చి తీసుకెళ్ళారు. ఎందుకో తెలీదు. మీరు హౌస్ కడుతున్నారు, కోప్పడొద్దు అని అంకుల్ నాకు చెప్పారు."

మిగిలిన రెండంతస్తులూ రేణే విప్పింది. రాళ్ళు ఎత్తిన చోటల్లా బండ మీద మచ్చలున్నాయి. వాటిని వెతుక్కుంటూ, ఒక్కో కుప్పా మళ్ళీ పేర్చుకుంటూ ముగ్గురూ దిగారు.

పార్కింగ్ లాట్‌లో రేంజర్ ఒకావిడ నిలబడి ఉంది.

"కంప్లైంట్ వెనక్కి తీసుకుంటాం," అన్నాడు రఘువీర్. "తప్పంతా మాదే. ఆయన మా పాపని కాపాడారు."

"రాసుకుంటాను. కానీ ఆయన వెళ్ళిపోయాడు. ఎవరూ అడక్కపోయినా ఇన్నేళ్ళుగా ఆ గుర్తులు చూసుకుంటున్నాడు. ఆయనకి ఎనభై రెండేళ్ళు. ఇక రానని చెప్పాడు."

"ఆయన ఇల్లెక్కడో చెప్పండి. ఈరోజే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాం."

రేంజర్ చేయి చాచి వాళ్ళ అద్దె కారు వైపు చూపింది.

"ఆయన పుట్టిన ఇల్లు సరిగ్గా అక్కడే ఉండేది, పార్క్ కోసమని ప్రభుత్వం దాన్ని కూల్చిన రోజుకి ఆయనకి తొమ్మిదేళ్ళు."