గురువారం చదరంగం

ముప్పై ఏళ్ళ కాపురంలో తాగిన గ్లాసు కూడా కడిగి ఎరగని మనిషి, ఆ గురువారం సాయంత్రం పెరట్లో నిలబడి తన ప్యాంటు తానే ఉతుక్కుంటున్నాడు.

లైబ్రరీ నుంచి అప్పుడే వచ్చిన లైబ్రేరియన్ చేతిసంచీ దించకుండానే పెరట్లోకి నడిచింది.

"ఏంటిది?" అంది.

"చదరంగం ఆడుతుంటే టీ ఒలికింది," అన్నాడు భర్త, వెనక్కి తిరగకుండా.

గురువారం వస్తే చాలు, చదరంగం. అదీ స్నేహితుడి ఇంట్లో. ఆమె ఆ స్నేహితుడికే ఫోన్ చేసింది.

"చదరంగమా? వాడి మొహం చూసి ఆర్నెల్లయింది చెల్లెమ్మా," అన్నాడతను.

ఆ రాత్రి ఆమెకి అన్నం సయించలేదు. ఈ వయసులో ఇదేం ఖర్మ! పైకి చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే మంట.

అసలే మోకాళ్ళ నొప్పులతో వేగుతోంది. పుస్తకాల కోసం నిచ్చెనలెక్కి దిగి అరిగిన మోకాళ్ళు. బజారు వెనక నూనె వైద్యుడి గురించి ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంటే ఆమెకీ వెళ్ళాలని ప్రాణం లాగేది. డాక్టరు వెళ్ళనిచ్చాడు కాదు. ఆ డాక్టరుకి నోటి దురుసు ఎక్కువ, 'మీరు' అనే మాట తక్కువ.

"నూనె రాస్తే మెరిసేది చర్మం, కీలు కాదు," అన్నాడు ఎక్స్‌రే చూపిస్తూ. "ఎముకల మధ్య మెత్త అరిగింది. అది మళ్ళీ మొలవదు. బరువు తగ్గు. తొడ కండ గట్టిపడితే కీలు మీద భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టు. రోజూ!"

లెక్కపెట్టింది. ఏడాదిగా ఒక్క రోజు మానలేదు. స్వీటు జోలికి పోలేదు. ఎనిమిది కిలోలు తగ్గింది. డాక్టరు మాట ఆమెకి వేదవాక్కు.

తరవాతి గురువారం సెలవు పెట్టి భర్త వెనకాలే బయల్దేరింది. ఆయన బస్సు ముందు తలుపులోంచి ఎక్కితే, ఆమె వెనక తలుపులోంచి ఎక్కింది. బజారు దగ్గర దిగి, ఇనుప సామాన్ల కొట్టు పక్క సందులో మెట్లు పట్టాడు. కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ.

ఏ మహాతల్లి కోసమో ఈ పాట్లు, అనుకుంది పళ్ళు కొరుకుతూ. ఆ కోపంలో ఇరవయ్యారు మెట్లూ ఒక్క ఊపున ఎక్కేసింది.

గది బయట ఆయన బూట్లు. ఆమె తలుపు తోసింది.

ఏ మహాతల్లీ లేదు. బల్ల మీద నలుగురైదుగురు మోకాళ్ళు పట్టుకుని వంతు కోసం కూర్చున్నారు. నడుమ చాప మీద భర్త. ప్యాంటు తొడల దాకా మడిచి ఉంది. పక్కనే మోచేతుల దాకా నూనెతో వైద్యుడు.

"గట్టిగా రుద్దవయ్యా," అంటున్నాడు భర్త కళ్ళు మూసుకుని. "ఇక నువ్వే దిక్కు నాకు."

ఆమెకి ఒళ్ళు భగ్గుమంది. ఇంకో ఆడది ఉన్నా ఇంత మోసపోయినట్టు ఉండేది కాదేమో. ఏడాది పాటు తనని వెర్రిదాన్ని చేశాడు!

భర్త కళ్ళు తెరిచాడు. "నువ్వా! ఇన్ని మెట్లు ఎలా ఎక్కావు?"

"ఎవరమ్మా మీరు?" అన్నాడు నూనె వైద్యుడు, చెయ్యి ఆపి. "ఈయన మీకేమవుతారు?"

"మొగుడు," అంది లైబ్రేరియన్. "నా మోకాళ్ళకి వైద్యం చేస్తున్న డాక్టరు కూడా ఈయనే."