రాసియ్యుండ్రి సారూ

చిక్కడపల్లిల నా ఎస్టీడీ బూత్‌ల ఇంటర్‌నెట్ పెట్టుకుంటనని టెలిఫోన్ ఆఫీసుల అర్జీ ఇస్తే, నాకు చదువు లేదని గుమస్తా రెండుసార్లు వాపస్ ఇచ్చిండు. ఈసారి సీదా పెద్దసారు దగ్గరికే పోయిన.

"ఇంటర్‌నెట్‌కు ఇంటర్ పాస్ కావాల్నంట గద సారూ. నేను మూడో తరగతే."

సారు పడీపడీ నవ్విండు. "ఇంటర్‌కూ దీనికీ ఏం సంబంధమమ్మా! సర్కారు కొత్త రూలుల చదువు ముచ్చటే లేదు. బూత్ ఉన్నోళ్లు ఎవరైనా పెట్టుకోవచ్చు."

"గదే జర రాసియ్యుండ్రి. మీ గుమస్తాకు ఎర్కలేనట్టుంది."

నవ్వుకుంటనే రాసి సంతకం పెట్టిండు.

ఇంటర్‌నెట్ అంటే ఏందో నాకు ఎర్కలేకనా? పోయినేడు జరమొచ్చి సచ్చిపోయిన నా బిడ్డ స్నేహలత అన్నీ చెప్పింది. "సార్లను నవ్వియ్యాలెనే అమ్మా, సంతకం జల్ది అయితది" అని గూడ అదే చెప్పింది.