గ్లాసుడు బావినీళ్లు

"మూత తియ్యకు బిడ్డా! అది ఊకోదు," అంటూ నర్సమ్మ బావి గట్టుకు అడ్డంగా నిలబడింది.

సుమయ్యకు నవ్వొచ్చింది. ఎన్ని దయ్యాల ఆట కట్టించలేదు తను! ఆదివారం రేడియోలో సైన్సు కబుర్లు, బుధవారం పత్రికలో వ్యాసం, మధ్యలో యూట్యూబ్ లైవ్‌లు. ఎక్కడైనా ఆమె పద్ధతి ఒక్కటే. జనం దేనికి జడుస్తారో దాన్ని వాళ్ల ముందే తిని, తాగి చూపిస్తుంది. శామీర్‌పేట సుమయ్య చెప్పిందంటే నిజమేనన్న పేరు ఊరికే రాలేదు మరి.

రావల్కోల్ దాటాక ఉన్న ఈ చిన్న ఊళ్లో దయ్యం ఉందని నాలుగేళ్లుగా ఎవరూ ఈ బావి నీళ్లు ముట్టలేదు. బోర్లన్నీ ఎండిపోయాయి. నర్సమ్మ కొడుకు నగేష్ కంపెనీల డ్యూటీ అయ్యాక ట్యాంకర్ తెస్తేనే ముప్పై ఇళ్లకు నీళ్లు. ఇవాళ జనం భయం పోగొడితే రేపటి నుంచి ఆ తిప్పలు తప్పుతాయి.

"దయ్యాన్ని ఎవరు జూసిండ్రవ్వా?"

"నేనే జూసిన. గీ నీళ్లు తాగి మా మేకలు మూడు పడిపోయినయ్."

"కవర్లు తిని సచ్చుంటయ్ తీయ్. బాయిల ఎవరన్న ఏమన్న కలిపిండ్రా?"

"ఎవ్వలు కలపలే!" నర్సమ్మ గభాలున అంది. "దయ్యమే."

సర్పంచ్ యాదయ్య మనుషులు మూత జరిపారు. గుప్పున ఘాటు వాసన కొట్టింది. ఆకులు కుళ్లి ఉంటాయిలే అనుకుంది సుమయ్య. కిట్ తీసి ఉప్పు చూసింది, ఫ్లోరైడ్ చూసింది. పల్లెటూరి బావికి ఎప్పుడూ చూసేవి ఆ రెండే. రెండూ బాగానే ఉన్నాయి.

ఫోను వైపు తిరిగింది. పదకొండు వేల మంది చూస్తున్నారు.

"దయ్యం నీళ్లల్ల లేదు. కొడుకు ట్యాంకర్ నడవాలె కదా, అందుకే అవ్వ నోట్ల ఉన్నది!"

జనం గొల్లున నవ్వారు. నర్సమ్మ తల వంచుకుంది. పెద్దామెను అంత మాట అనకుండా ఉండాల్సిందని సుమయ్యకు చివుక్కుమంది. కానీ లైవ్‌లో ఆగితే ఎట్లా? గ్లాసు నింపి గటగటా తాగేసింది. నాలుక కాస్త చిమచిమలాడింది.

ఒకటే చప్పట్లు. యాదయ్య మోటారు వేయించాడు. బిందెలు వరస కట్టాయి. అందరికంటే ముందు నర్సమ్మ మనవరాలు, ఏడేళ్ల అశ్రిత దోసిలి పట్టింది.

నర్సమ్మ ఒక్క ఉరుకున వచ్చి ఆ చేతుల మీద ఫట్టున కొట్టింది. నీళ్లు చెదిరిపోయాయి. పిల్ల బావురుమంది.

"ఇంక గూడ భయమేనా అవ్వా?" సుమయ్య నవ్వుతూ మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది.

నర్సమ్మ గుంపులో ఉన్న నగేష్‌ను ఒకసారి చూసింది. ఏడుస్తున్న పిల్లను చూసింది.

"కంపెనీల ఇసపు నీళ్లు గీ బాయిల ఒంపింది నా కొడుకే బిడ్డా."